నారింజరంగు రికార్డు

పాత రాక్ సింగిల్స్ ఏరుకోవడం మాకు పిచ్చి. సాయిబులకి ఖవ్వాలీ ఉందిగా, ఈ ఇంగ్లీషు పాటలెందుకని అడిగేవాళ్లున్నారు. ఎందుకో చెప్తాం.

1949లో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ అమెరికాలో 45 ఆర్‌పీఎం చిన్న రికార్డు తెచ్చింది. ఒక్కో రకం పాటకి ఒక్కో రంగు. పిల్లల పాటలు పసుపు, శాస్త్రీయం ఎరుపు, నల్లవాళ్ల బ్లూస్ నారింజ. వినకముందే ఎవరి పాటో తెలిసిపోవాలి! ఆ నారింజ వరసలో మొదటిది ఆర్థర్ క్రూడప్ 1946లో షికాగోలో పాడిన 'దట్స్ ఆల్ రైట్'.

1954 జులై 5న మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ ఆ పాటే పాడాడు. తెల్ల కుర్రాడు. రేడియోలో విన్నవాళ్లు నల్లవాడనుకున్నారు. అందుకే డీజే డ్యూయీ ఫిలిప్స్ అతణ్ణి పిలిపించి, ఏ బళ్లో చదివావని మైకులో అడిగాడు. హ్యూమ్స్ అన్నాడు. నల్లపిల్లలకీ తెల్లపిల్లలకీ వేర్వేరు బళ్లున్న ఊరది. ఇంకేం చెప్పక్కర్లేదు.

ఈ ప్రశ్న మాకు కొత్తా? అద్దె ఇంటికెళ్తే ఏ వీధి, నాన్నగారి పేరేంటి అంటారు. మతం మాత్రం అడగరు. తెలిశాక, 'మీ తెలుగు వింటే అనిపించలేదండీ!'

సన్ లేబుల్ మీద రాసినవాడిగా క్రూడప్ పేరుంది. రావలసిన రాయల్టీలో చాలాభాగం అందకుండానే 1974లో పోయాడు. ఆ నారింజ రికార్డు ఇంకా మాకు దొరకలేదు.