మూడో ముద్ద

బరువు తగ్గే మందు మౌంజారో మొదలుపెట్టి ఏడో వారం. 2.5 మిల్లీగ్రాముల నుంచి 5కి వచ్చాను. నిన్న అమ్మ కొత్తావకాయ అన్నంలో నెయ్యి వేసి కలిపి పెట్టింది. మూడో ముద్దకే కడుపు చాలంది. ఇదివరకు కంచం ఖాళీ అయితేనే ఆగేదాన్ని, ఆకలితో పనేముంది!

"ఏమే, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందమ్మా. ఈ మందుకి తిన్నది పొట్టలోంచి నెమ్మదిగా కదుల్తుంది, అంతే."

నమ్మలేదు. పెరుగన్నం తెచ్చింది.

మొదట్లో తినకపోవడమే గొప్పనుకున్నా. కొవ్వుతో పాటు కండా కరుగుతుందని డాక్టరు కసిరాక దారికొచ్చా. ఇప్పుడు ఆకలి లేకపోయినా టైముకి కూర్చుంటా. ముందు గుడ్డు, పప్పు, తర్వాతే అన్నం. నెమ్మదిగా నములుతుంటే ఆవకాయలో మెంతిగింజ పంటికింద పడింది. అంత చేదుగా ఉంటుందని 42 ఏళ్లకి తెలిసింది నాకు.