ఖాళీగా తిరిగెళ్లే విమానం

రాత్రి ఎనిమిది దాటాక హైదరాబాద్ ఎల్బీనగర్ కూడలిలో కాసేపు నిలబడండి. "సూర్యాపేట, విజయవాడ... ఒక్కరే, ఒక్కరే" అని కారు డ్రైవర్లు పిలుస్తుంటారు. పొద్దున ఎవరినో నగరంలో దింపి, ఊరికి తిరిగెళ్తున్న బండి అది. ఎలాగూ పోవాలి, డీజిల్ ఎలాగూ కాలుతుంది, నలుగురు ఎక్కితే ఆ ఖర్చన్నా గిట్టుతుంది. ఇదే లెక్క ఆకాశంలోనూ నడుస్తుందని చాలామందికి తెలియదు. అద్దెకు తిరిగే చిన్న జెట్ విమానం కూడా ఒకరిని దింపేసి ఖాళీ సీట్లతో వెనక్కి మళ్లుతుంది. ఆ ఖాళీ ప్రయాణాన్ని వ్యాపారంలో ఉన్నవాళ్లు ఎంప్టీ లెగ్ అంటారు, కొందరు ఫెర్రీ అంటారు. మామూలు అద్దె (చార్టర్) ధరలో సగానికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు దాన్ని అమ్ముతారు. ఇవాళ ఆ కబుర్లు చెప్పుకుందాం.

అసలు అంత ఖరీదైన విమానం ఖాళీగా ఎందుకు ఎగురుతుంది? మన దేశంలో అద్దె జెట్‌లలో చాలావాటి మకాం ఢిల్లీ లేదా ముంబయి. హైదరాబాద్‌లో ఒక పారిశ్రామికవేత్త కుటుంబంతో తిరుపతి వెళ్లాలనుకున్నారనుకోండి. విమానం ముందు ఢిల్లీ నుంచి ఖాళీగా రావాలి. బేగంపేటలో వాళ్లను ఎక్కించుకుని తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో దింపాలి. (2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక బేగంపేట నుంచి మామూలు విమానాలు వెళ్లిపోయాయి గానీ, వీఐపీల విమానాలు ఇప్పటికీ అక్కడ దిగుతూనే ఉంటాయి.) దర్శనం సాయంత్రానికల్లా అయిపోతుందంటే విమానం రేణిగుంటలోనే ఆగుతుంది. మూడు రోజులు కొండమీదే ఉంటామంటే మాత్రం ఆపరేటరు కాగితం, కలం తీస్తాడు. ఆగితే పార్కింగ్ రుసుము, ఇద్దరు పైలట్లకు హోటల్, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ మూడు రోజులూ వేరే బేరం పోతుంది. అంతకన్నా ఖాళీగానైనా ఢిల్లీ వెళ్లిపోవడమే నయం అనిపిస్తుంది. ఆ ఖాళీ రాకపోకల ఖర్చు చాలాసార్లు మొదటి ఖాతాదారు బిల్లులోనే కలిసి ఉంటుంది. కాబట్టి రేణిగుంట నుంచి ఢిల్లీకి ఎవరైనా దొరికితే, వాళ్లు ఎంతిచ్చినా ఆపరేటరుకు మిగులే.

పెళ్లిళ్ల కాలంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉదయ్‌పూర్, జైపూర్, గోవాలకు అతిథులను దింపిన విమానాలు ఆ సాయంత్రమే ఖాళీగా తిరిగొస్తాయి. ముంబయిలోనైతే చిన్న విమానాలు నిలపడానికి చోటే కరువు. ప్రయాణికులను దింపి, నిద్రపోవడానికి వేరే ఊరు ఎగిరిపోయే విమానాలున్నాయి! ప్రతి జనవరిలో స్విట్జర్లాండ్‌లో దావోస్ సదస్సు జరిగేటప్పుడూ జ్యూరిక్‌లో అదే తంతు.

అమెరికాలో ఈ రాకపోకలకు ఒక ఋతువే ఉంది. చలి ముదిరే ముందు న్యూయార్క్ చుట్టుపక్కల శ్రీమంతులు ఫ్లోరిడాకు దిగుతారు. విమానాలు నిండుగా దక్షిణానికి వెళ్లి, ఖాళీగా ఉత్తరానికి వస్తాయి. వసంతంలో దిక్కు తిరగబడుతుంది. ఆ జెట్‌లలో ఎన్నో దిగేది న్యూజెర్సీలోని టీటర్‌బరోలో. అదే రాష్ట్రంలో ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకు అది కారులో వెళ్లగలిగే దూరమే. పిల్లలను తీసుకుని మయామి వెళ్లొచ్చే ఆలోచన ఉన్నవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. చలికాలం మొదట్లో ఉత్తరం నుంచి దక్షిణానికి చవక బేరం దొరకడం కష్టం, తిరుగు దారిలో తేలిక.

ఇక డబ్బు మాట. ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రకటనలో కనిపించే ధర సీటుకు కాదు, సాధారణంగా మొత్తం విమానానికి. లెక్క తెలియడం కోసం ఒక ఉదాహరణ వేసుకుందాం. ఆరు సీట్ల జెట్ గంటకు రెండు లక్షలనుకోండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటలు, అంటే నాలుగు లక్షలు. ఖాళీ ప్రయాణం కాబట్టి అందులో 40 శాతానికి ఇచ్చారనుకోండి, లక్షా అరవై వేలు. పైన 18 శాతం జీఎస్టీ వేస్తే 1,88,800 రూపాయలు. ఆరుగురు వెళ్తే తలా దాదాపు 31,500. ఇద్దరే వెళ్తే తలా 94,400. విమానం అదే, తగ్గింపూ అదే. అన్నదమ్ముల కుటుంబాలు కలిసి వెళ్తే అర్థముంది, దంపతులిద్దరికే అయితే మామూలు టికెట్ హాయి. ఇంకో ముఖ్య విషయం, మీరు కొన్నది ఒక వైపు ప్రయాణమే. వెనక్కి రావడానికి దారి మీరే చూసుకోవాలి, ఆ ఖర్చు కలపకుండా చవక అనుకోవద్దు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. ఈ ప్రయాణంలో సమయం మీది కాదు. మొదట విమానాన్ని అద్దెకు తీసుకున్న మనిషి తిరుపతి ప్రయాణాన్ని ఇంకో రోజుకు మార్చుకుంటే మీ ప్రయాణమూ ఇంకో రోజుకు జరుగుతుంది. ఆయన అసలు రాకపోతే మీదీ ఉండదు. ఆపరేటరు మీ డబ్బు తిరిగి ఇస్తాడు, సాధారణంగా అంతకుమించి బాధ్యత తీసుకోడు. మీరు మానుకుంటే మాత్రం చాలా ఒప్పందాల్లో రూపాయి కూడా వెనక్కి రాదు. పైగా మన చిన్న విమానాశ్రయాలు చాలావాటిలో చీకటిపడ్డాక దిగే ఏర్పాట్లుండవు. మొదటి ప్రయాణం రెండు గంటలు ఆలస్యమైతే రెండోది మర్నాటికి పడుతుంది.

అందుకని దయచేసి పెళ్లికి దీన్ని నమ్ముకోకండి. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు. వీసా ఇంటర్వ్యూకు వద్దు, పరీక్షకు వద్దు. పెద్దవాళ్లకు ఆరోగ్యం బాగాలేక ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే అసలే వద్దు. దానికి స్ట్రెచర్ బిగించి, ఆక్సిజన్, వైద్యుడు, నర్సుతో వచ్చే ఎయిర్ అంబులెన్స్ వేరే ఉంది. తగ్గింపు చూసి ప్రాణం మీదకు తెచ్చుకునే పని ఎవరూ చేయకూడదు. మరి ఎవరికి పనికొస్తుంది? సెలవుల్లో ఎటు వెళ్లినా సంతోషమే అనుకునే కుటుంబానికి, శుక్రవారం కాకపోతే ఆదివారం బయల్దేరగలిగే నలుగురు మిత్రులకు. మోకాళ్ల నొప్పులతో పెద్ద విమానాశ్రయంలో క్యూలు భరించలేని అమ్మానాన్నలను ఒక్కసారైనా సుఖంగా తీసుకెళ్లాలని కోరుకునే పిల్లలకూ పనికొస్తుంది. ఆ చివరి కోరిక నాకు చాలా ఇష్టం.

భద్రత గురించి మొహమాటం లేకుండా అడగండి. మన దేశంలో ఛార్జీ తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. సొంత వాడకానికి నమోదైన విమానాన్ని అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం. ఈ ప్రయాణాలు కుదిర్చే బ్రోకరు ఎంత తీయగా మాట్లాడినా, "విమానం ఎవరిది, పర్మిట్ ఎవరి పేరు మీద, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత" అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. మన దేశపు విమానం నంబరు వీటీ అక్షరాలతో మొదలవుతుంది. వేరే దేశపు రిజిస్ట్రేషన్ ఉన్న జెట్‌లో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తీసుకెళ్తామంటే అక్కడే ఆగి ఎందుకని అడగండి. జవాబు నాన్చితే ఎంత చవకైనా వదిలేయండి.

ఎలాగూ ఎగిరేదే కదా, ఎక్కితే పర్యావరణానికి నష్టమేముంది అని కొందరంటారు. మనుషుల బరువుకు అదనంగా ఖర్చయ్యే ఇంధనం కొంచెమే, నిజమే. అంతమాత్రాన దాన్ని పచ్చని ప్రయాణం అని అమ్మడం నాకు నచ్చదు. రైల్లో వెళ్లగలిగిన దూరానికి రైలే మేలు.

సరే, ఇంతా విన్నాక ప్రయత్నించాలనిపిస్తే బ్రోకరుకు ఫోన్ చేసి "ఫలానా తారీఖున ఢిల్లీకి ఉందా" అని అడక్కండి, లేదనే అంటారు. "వచ్చే రెండు వారాల్లో హైదరాబాద్ నుంచి ఏ ఊరికి ఖాళీగా వెళ్తున్నాయి, చివరి నిమిషంలో వచ్చినా చెప్పండి, మేం ఆరుగురం" అని అడగండి. సామాను ఎంతో ముందే చెప్పండి, చిన్న జెట్‌లలో పెద్ద సూట్‌కేసులకు చోటుండదు. ధర చెప్పాక జీఎస్టీ, ల్యాండింగ్ ఛార్జీలు అందులో కలిశాయా లేదా తేల్చుకోండి. బయల్దేరే రోజుకు, రద్దు చేసుకుంటే కొంతైనా డబ్బు తిరిగొచ్చే రైలు టికెట్టొకటి కూడా తీసిపెట్టుకోండి.