అమ్మ నొక్కిన లింకు

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఓ కొత్త డబ్బా కనిపించింది. తెల్ల డబ్బా, బంగారు రంగు మూత. మోకాళ్ల నొప్పులు తగ్గించే పొడి అట. మూత తీస్తే దాల్చినచెక్క వాసన. వెనక రేటు చూశాను, 2,340 రూపాయలు.

"ఇదెక్కడిదమ్మా?"

"ఫోన్లో చదివి తెప్పించాన్రా. పసుపు గురించి ఎవరో బాగా రాశారు. అందులోనే ఉంది దీని సంగతి."

మా అమ్మ ఎలాంటి మనిషంటే, కొత్తిమీర కట్ట మీద రెండు రూపాయలు తగ్గించమని బండి అతన్ని పది నిమిషాలు నిలబెడుతుంది. అలాంటి మనిషి చేత రెండు వేల పైన ఖర్చు పెట్టించిన ఆ రచయిత ఎవరా అని ఫోన్ తీసుకుని హిస్టరీ వెతికాను. పేజీ తెరుచుకుంది. పైన మా కంపెనీ లోగో!

వ్యాసం నేను రాసింది కాదు. కానీ అందులో లింకు పెట్టింది నేనే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నేను రాసిన స్క్రిప్టు.

నేను బీటెక్ చేసింది కంప్యూటర్ సైన్స్. బంధువులు ఏం చేస్తావని అడిగితే "సాఫ్ట్‌వేర్" అని చెప్పి ఊరుకుంటాను. అసలు పని ఏమిటంటే, మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీకి కొన్ని తెలుగు వెబ్‌సైట్లున్నాయి. ఆరోగ్యం, వంటలు, బంగారం ధరలు, పరీక్షా ఫలితాలు. అవి గూగుల్‌లో పైకి వచ్చేలా చూడటం నా ఉద్యోగం. దాన్నే ఎస్ఈఓ అంటారు. అందులోనూ నా వాటా ఎక్కువగా లింకులే. ఒక వ్యాసం మధ్యలో నీలం రంగులో గీతతో కనిపించే మాటలుంటాయి చూశారూ, నొక్కితే అదే సైట్లో ఇంకో వ్యాసం తెరుచుకుంటుంది. అవి.

వాటికి అంత సీనుందా అనుకోకండి. గూగుల్ పుట్టిందే లింకు మీద. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ గురించి రాసినప్పుడు వాళ్ల ఆలోచన ఇది: ఒక పేజీకి వచ్చే ప్రతి లింకూ ఒక ఓటు లాంటిది, కాకపోతే అన్ని ఓట్ల బరువూ ఒకటి కాదు. నలుగురూ నమ్మే పేజీ నుంచి వచ్చిన లింకుకి విలువెక్కువ. దాన్ని వివరించడానికి వాళ్లు ఒక మనిషిని ఊహించుకున్నారు. అతను ఏ పేజీలో ఉన్నా ఏదో ఒక లింకు గుడ్డిగా నొక్కుకుంటూ పోతాడు. అప్పుడప్పుడు విసుగొచ్చి సంబంధం లేని ఇంకో పేజీకి దూకేస్తాడు. నొక్కుకుంటూ పోయే అవకాశం 0.85, దూకే అవకాశం మిగతాది. ఇలా తిరుగుతూ తిరుగుతూ ఎక్కువసార్లు ఏ పేజీలో తేలతాడో ఆ పేజీ గొప్పది. ఆ తర్వాత గూగుల్ చాలా మారింది, ఇంకా వంద విషయాలు చూస్తుంది. అయినా లింకు పని లింకుదే.

పైగా లింకు ఏ మాట మీద ఉందన్నది కూడా ముఖ్యం. "ఇక్కడ నొక్కండి" అని పెడితే ఆ పేజీ దేని గురించో గూగుల్‌కి తెలీదు. "అరటికాయ వేపుడు" అని పెడితే తెలుస్తుంది. దీనికి మా ఫీల్డ్‌లో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 2003లో కొందరు కావాలని "మిజరబుల్ ఫెయిల్యూర్" అనే మాటల మీద జార్జ్ బుష్ జీవిత విశేషాల పేజీకి లింకులు పెట్టారు. ఆ పేజీలో ఆ మాటలు ఎక్కడా లేవు. అయినా గూగుల్‌లో అది వెతికితే ముందు బుష్ గారే వచ్చేవారు! గూగుల్ దాన్ని సరిచేసింది 2007లో.

ఇక నా స్క్రిప్టు. మా ఆరోగ్యం సైట్లో నాలుగు వేల పైన వ్యాసాలున్నాయి. చేత్తో లింకులు పెట్టాలంటే ఏడాది పడుతుంది. కాబట్టి ఒక పట్టిక తయారుచేశాం: ఈ మాట కనిపిస్తే ఈ పేజీకి లింకు. ఇంగ్లీషులో ఇది తేలిక. తెలుగులో చుక్కలు కనిపించాయి. పట్టికలో "మోకాళ్ల నొప్పి" అని ఉంటుంది, వ్యాసంలో "మోకాలి నొప్పితో", "మోకీళ్ల నొప్పులకు", "మోకాళ్లు నొప్పెడుతుంటే" అని ఉంటుంది. "నెయ్యి" అని వెతికితే "నేతితో" దొరకదు. సరే అని మాట మొదలు కలిస్తే చాలు అని వదులు చేస్తే, "ఆవు" అనే మాట "ఆవులింతలు"లో దొరికింది. నిద్రలేమి మీద రాసిన వ్యాసంలో ఆవులింతల మొదటి రెండక్షరాలు నీలంగా మారి, నొక్కితే ఆవునెయ్యి పేజీకి వెళ్లేది. ఆఫీసులో వారం రోజులు నవ్వుకున్నాం. తర్వాత విభక్తులన్నీ కూర్చుని రాసి సరిచేశాను. ఆ రాత్రి స్క్రిప్టు తప్పు లేకుండా నడిచినప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో! టీమ్‌కి బిర్యానీ కూడా నేనే తెప్పించాను.

ఆ పట్టికలో మోకాళ్ల నొప్పుల వరుస ఒకటి. అది వెళ్లేది "మోకాళ్ల నొప్పులకు ఏడు మార్గాలు" అనే పేజీకి. ఆరు మార్గాలు అందరికీ తెలిసినవే, బరువు తగ్గడం, కాపడం లాంటివి. ఏడోది ఈ పొడి, కింద ఎర్రటి "కొనండి" బటన్. ఆ కంపెనీ మాకు డబ్బులిస్తుంది. పట్టికలో ఆ వరుస చేర్చేటప్పుడు నాకు తెలుసు. తెలిసే చేర్చాను.

"నీలం రంగులో గీత గీసి ఉంటే ముఖ్యమేమో అనుకున్నాను" అంది అమ్మ. "నీ పదో తరగతి గైడ్‌లో నేను ఎర్ర పెన్నుతో గీసేదాన్ని కదా, అలాగ."

డబ్బుల సంగతి అలా ఉంచితే, నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. పొడి మొదలుపెట్టాను కదా రెండు నెలలు చూద్దాం అని అమ్మ డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేసుకుంది. ఆ రెండు నెలల్లో మేడ మీదకి బట్టలు ఆరేయడానికి కూడా వెళ్లలేని పరిస్థితికి వచ్చింది. నాకు ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదు. భోగి రోజు పక్కింటి ఆంటీ బట్టలు ఆరేస్తుంటే నాకు అర్థమైంది.

అది నేను పెట్టిన లింకు అని అమ్మకి అప్పుడు చెప్పలేదు. కనుమ మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆటోలో తిరిగొస్తూ చెప్పాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు పెట్టావని తెలిస్తే ఇంకో డబ్బా కూడా తెప్పించేదాన్నేమో" అంది. తిట్టినా బాగుండేది.

హైదరాబాద్ వచ్చాక మా మేనేజర్‌ని అడిగాను, ఆ వరుస తీసేద్దామని. "అన్నీ రూల్స్ ప్రకారమే ఉన్నాయి కదా బ్రో?" అన్నాడు. నిజమే, ఉన్నాయి. డబ్బు తీసుకుని పెట్టే లింకుకి కోడ్‌లో "స్పాన్సర్డ్" అని గుర్తు పెట్టాలని గూగుల్ 2019 నుంచీ చెబుతోంది. అంతకు ముందు 2005 నుంచి "నోఫాలో" ఉంది. మా "కొనండి" బటన్‌కి ఆ గుర్తు ఉంది. వ్యాసం నుంచి ఏడు మార్గాల పేజీకి వెళ్లే లింకేమో మా సైట్లోంచి మా సైట్లోకే, దానికి ఏ గుర్తూ అక్కర్లేదు. గూగుల్ దృష్టిలో మేం బుద్ధిమంతులం. కానీ ఆ గుర్తు ఉండేది కోడ్‌లో. గూగుల్‌కి కనిపిస్తుంది, అమ్మకి కనిపించదు. ఇదే మాట మేనేజర్‌తో అన్నాను. రెండు మీటింగులయ్యాక ఆరోగ్యం సైట్లో అలాంటి ప్రతి లింకు పక్కనా "ప్రకటన" అని కంటికి కనిపించేలా పెట్టడానికి ఒప్పుకున్నారు. తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆదాయం పడిపోతే మళ్లీ మాట్లాడదాం అన్నారు. చూడాలి.

ఈ పనిలో ఉండగా ఇంకోటి బయటపడింది. ఏ పేజీ నుంచీ లింకు లేని పేజీల్ని మేం "ఆర్ఫన్ పేజీలు" అంటాం, అంటే అనాథ పేజీలు. మన సైటే పట్టించుకోని పేజీని గూగుల్ మాత్రం ఎందుకు ముఖ్యమనుకుంటుంది? ఆ జాబితా తీస్తే అందులో ఒక ఫిజియోథెరపిస్టు మోకాళ్ల వ్యాయామాల మీద రాసిన వ్యాసం ఉంది. ఎప్పుడో రాశారు. బొమ్మలతో సహా చక్కగా ఉంది, అమ్మే వస్తువు ఏదీ లేదు. బహుశా అందుకే మా పట్టికలో దానికి వరుస లేదు. పసుపు వ్యాసం తెరిచి, ఆ నీలం మాటల్ని స్క్రిప్టు జోలికి పోకుండా చేత్తోనే ఈ పేజీకి మార్చాను. ఎవర్నీ అడగలేదు.

అమ్మకి డాక్టర్ రాసిన మాత్రలతో పాటు ఫిజియోథెరపీ కూడా మొదలైంది. మొన్న ఫోన్ చేస్తే, కుర్చీలో కూర్చుని కాలు చాపి పదంకెలు లెక్కపెట్టే వ్యాయామం చేస్తోందట, మధ్యలో నాతో మాట్లాడితే లెక్క తప్పుతోందని విసుక్కుంది. మేడ మీదకి ఇంకా వెళ్లడం లేదు.

"ఆ పొడి పారేశావా?" అన్నాను.

"పొడి పారేశాను. డబ్బా గట్టిగా ఉందిరా, మెంతులు పోసుకున్నా."