మిస్డ్ కాల్ సంసారం

మిస్డ్ కాల్‌ను కనిపెట్టిందెవరో చరిత్రలో లేదు గానీ, నన్నడిగితే ఎవరో ఇల్లాలే అయి ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా కబురు పంపడం మగవాళ్ళకు చేతనయ్యే పనేనా, చెప్పండి!

మా పటాన్‌చెరులో ఈ విద్య బాగానే సాగింది. మావారిది ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఒకసారి మోగి ఆగితే బస్సెక్కారని, అన్నం పొయ్యిమీద పెట్టొచ్చని అర్థం. రెండుసార్లయితే ఓవర్‌టైమ్, పిల్లలకు పెట్టేసి పడుకోమని. సంగారెడ్డిలో మా అత్తగారు మాత్రం మొదటి రింగుకే ఎత్తి, "ఆఁ, ఎవరూ?" అనేవారు. రూపాయి హరీ!

మరి అంత పొదుపెందుకంటారా? సెల్‌ఫోను మొదట్లో కలవారి వస్తువు. 1995 జూలై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడింది మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట. ఆ రోజుల్లో చేసినవాళ్ళకే కాదు, ఎత్తినవాళ్ళకూ బిల్లు పడేది. చుట్టం వచ్చి, సుష్టుగా భోంచేసి, వెళ్తూ వెళ్తూ బస్సు ఛార్జీలు కూడా మననే అడిగినట్టు! 1997లో ఏర్పడిన నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నిబంధనల వల్ల 2003 మే నుంచి ఆ బాధ తీరింది. చేసినవాళ్ళే కట్టాలి, వినడం ఉచితం. ఆ తరవాతే ఫోను ఆఫీసర్ల జేబుల్లోంచి కూరల బుట్టల్లోకి దిగింది.

మా వీధికి కూరలు తెచ్చే ఆమెది ఇప్పటికీ బటన్ ఫోనే. జహీరాబాదులో ఇచ్చిన కూతురు రోజూ చేస్తుంది. ఈమె చేయదు, వింటుంది. అయితే 2018 చివర్లో కొన్ని ప్రైవేటు కంపెనీలు ఒక మెలిక పెట్టాయి. నెలనెలా రీచార్జి చేయించకపోతే వచ్చే ఫోన్లు కూడా ఆగిపోతాయి.

"నెట్టు నేనేం జేసుకోనమ్మా? నా బిడ్డ గొంతు ఇంటే చాలు. గది ఇననీకి గూడ పైసలా?" అంది వంకాయలు తూస్తూ.

2024 డిసెంబరులో ట్రాయ్, నెట్టు అక్కర్లేనివాళ్ళకు మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికొచ్చే రీచార్జి ఉంచి తీరాలంది. సంతోషమే. కానీ ధర మాత్రం కంపెనీల ఇష్టానికే వదిలేసింది. పప్పు కొనకపోయినా ఉప్పు ఇస్తారట. ఉప్పు ఖరీదు కొట్టువాడి దయ!

వందకోట్లకు పైగా కనెక్షన్లున్న దేశం మనది. ఆ లెక్కల్లో, ఎవరికీ చేయకుండా ఎదురుచూసే అమ్మలకు వేరే గడి ఉండదు. ఆ నిబంధనలు రాసే బల్ల దగ్గర నెల సరుకుల చీటీ రాసిన ఇల్లాలు ఒకతె కూర్చుంటే మొదటి వాక్యం ఏం రాస్తుందో మీకు నేను చెప్పాలా? కూతురి ఫోనుకు ఎవరూ అడ్డం పడకూడదని!