కుందేలు కొనిపెట్టిన ఇల్లు

ఇంగ్లండులో విండర్‌మియర్ సరస్సు దాటడానికి బల్లకట్టు ఎక్కగానే మా అమ్మాయి గొణిగింది: "ఇంత దూరం వచ్చి, కుందేళ్ళ బొమ్మలు వేసినావిడ ఇల్లు చూడటమేమిటమ్మా!" మాట నాతో అన్నా, తగలవలసింది మా మనుమరాలికి. సెలవుల్లో చేయించడానికని వెంట తెచ్చిన ఆ పిల్ల లెక్కల పుస్తకంలో లెక్కలకంటె పిల్లులే ఎక్కువ.

ఆవలి ఒడ్డునుంచి రెండు మైళ్ళు పోతే నియర్ సారీ అనే పల్లె. రాతి గోడలు, పలకరాతి కప్పు, గుమ్మం దాకా పూలమొక్కలు. అదే హిల్ టాప్. బియాట్రిక్స్ పాటర్ ఇల్లు.

ఆవిడ 1866లో లండన్‌లో కలవారింట పుట్టింది. బడికి పంపలేదు, ఇంట్లోనే చదువు. పెంచుకున్న కుందేళ్ళూ, ఎలుకలే నేస్తాలు. 1893లో తన పాత గురువుగారి పసివాడు జబ్బుపడితే, పీటర్ అనే కుందేలు కథ బొమ్మలతో ఉత్తరంగా రాసి పంపింది. దాన్ని పుస్తకం చేద్దామంటే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు అచ్చువేయించుకున్నది. మరుసటి ఏడు వార్న్ కంపెనీవారు రంగుల్లో వేశారు. పసిచేతుల్లో ఇమిడేటట్టు పుస్తకం చిన్నదిగా ఉండాలని ఆవిడ పట్టు.

ఆ కంపెనీకి చెందిన నార్మన్ వార్న్‌తో 1905లో పెళ్ళి నిశ్చయమైంది. వ్యాపారస్థుల సంబంధమని తలిదండ్రులకు గిట్టలేదు. నెల తిరిగేసరికి అతను జబ్బుచేసి పోయాడు. అప్పటికి ఆవిడకు 39 ఏళ్ళు. పుస్తకాల మీద వచ్చిన డబ్బుకు బంధువులావిడ వదిలివెళ్ళిన కొద్ది సొమ్ము చేర్చి, ఆ ఏడే ఈ పొలమూ ఇల్లూ కొన్నది.

లోపల మెట్లదగ్గర మా మనుమరాలు నిలబడిపోయింది. "అమ్మమ్మా! ఈ మెట్లు నా పుస్తకంలో ఉన్నాయి!" నిజమే. మెట్లూ, ఇనప పొయ్యీ, గిన్నెల అలమారా అన్నీ ఆవిడ బొమ్మల్లోకి ఎక్కినవే.

1913లో అక్కడి న్యాయవాది విలియం హీలిస్‌ను పెళ్ళాడి, క్రమంగా బొమ్మలు తగ్గించి గొర్రెల పెంపకంలో పడ్డది. 1943లో పోతూ, 4,000 ఎకరాలకు పైగా భూమి నేషనల్ ట్రస్టుకు రాసి ఇచ్చింది. అందుకే ఆ కొండలమీద ఇంకా గొర్రెలు మేస్తున్నాయి.

తిరుగు ప్రయాణంలో మనుమరాలు ఏదో కాగితం ముక్కమీద గొర్రెను గీయడం మొదలుపెట్టింది. నా చిన్నతనంలో గోడమీద నేను వేసిన నెమలికి మా నాన్నగారు సున్నం కొట్టించారు. ఆ తరువాత నేను మళ్ళీ బొగ్గు ముట్టలేదు. మా అమ్మాయి ఏమంటుందోనని చూస్తున్నాను.

"గొర్రెకు కాళ్ళు పట్టేటట్టు లేవే," అంటూ సంచీలోంచి లెక్కల పుస్తకమే తీసి ఇచ్చింది.