కాటికాపరి వేషం (పాత సినిమా ముచ్చట్లు – 6)

పాత సినిమాల మీద నాకున్న పిచ్చి ఇక్కడ అందరికీ తెలిసిందే. 'నీలం జెండా పట్టుకుని తిరిగేవాడివి, పౌరాణికాలు ఎట్లా చూస్తావన్నా?' అని మన కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. చూస్తాను. ఎస్వీ రంగారావు ఒక్క కనుబొమ్మ పైకి లేపితే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. 'మాయాబజార్' (1957) ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అందులో ఘటోత్కచుడి దర్బారులో ఒకడు వ్యాకరణంలో లేని మాటొకటి అంటాడు. ఘటోత్కచుడు వాణ్ని తిట్టడు, పైగా వీరతాళ్లు వేయమంటాడు. బళ్లో మా యాసకు బెత్తం దెబ్బలు తిన్నవాణ్ని నేను. మా మాటకు వీరతాడు వేసింది పింగళి నాగేంద్రరావు రాసిన రాక్షసుడొక్కడే. అందుకని ఆ సినిమా జోలికి ఎవరన్నా వస్తే ఊరుకోను.

ఇష్టమైనవాళ్లనే కదా లెక్క అడిగేది. ఈసారి లెక్క హరిశ్చంద్రుడిది.

మన దేశంలో సినిమా కాటి దగ్గర పుట్టిందనే చెప్పాలి. 1913 మే 3న బొంబాయిలో విడుదలైన ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' మన తొలి పూర్తి నిడివి కథాచిత్రం. ఆడవాళ్లెవరూ ముందుకు రాకపోతే, హోటల్లో వంటపని చేసే సాలుంకే అనే కుర్రాడికి చీర కట్టి హరిశ్చంద్రుడి భార్యను చేశాడు ఫాల్కే. తెలుగులో 1935లోనే అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ ఆ జంటగా వేశారు. 1956లో ఎస్వీఆర్, లక్ష్మీరాజ్యం. 1965లో విజయా వారి 'సత్య హరిశ్చంద్ర', కె.వి. రెడ్డి దర్శకత్వం, ఎన్టీఆర్, ఎస్. వరలక్ష్మి. ఇవన్నీ ఒక ఎత్తు, బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకం ఒక ఎత్తు. మా గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కాటి సీను తెలియని ఊరు లేదు. బందరు డి.వి. సుబ్బారావు రాగం అందుకుంటే మైకు కింద కూర్చున్న జనం తెల్లారేదాకా కదిలేవాళ్లు కారు. చిన్నప్పుడు చూసిన హరిశ్చంద్ర నాటకం తనను వెంటాడిందని గాంధీ కూడా ఆత్మకథలో రాసుకున్నాడు.

అందరూ ఏడ్చేది కాటి దగ్గరే. రాజ్యం పోయినప్పుడు అంత ఏడుపు ఉండదు. పెళ్లాన్ని అమ్ముకున్నప్పుడు కొంచెం. కంబళి కప్పుకుని, కర్ర భుజాన వేసుకుని శ్మశానంలోకి అడుగు పెట్టాడా, ఇక ముసలమ్మల ముక్కు చీదుళ్లు మొదలు. అంతటి మహారాజుకి ఎంత గతి పట్టింది, కాటికాపరి అయ్యాడే అని.

మా తాత కాటికాపరి.

అది ఆయనకు పట్టిన గతి కాదు, ఊరు ఆయనకు అప్పజెప్పిన పని. వాళ్ల నాయన దగ్గర్నుంచి వచ్చింది. ఊళ్లో పెద్దకులాల ఇళ్లలో ఎవరు పోయినా ముందు మా పల్లెకు కబురు. కట్టెలు మోయాలి, కాష్టం పేర్చాలి, అందరూ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాక రాత్రంతా ఒక్కడే కూర్చోవాలి. వానాకాలమైతే తడికట్టె అంటుకోదు. పిడకలు, పాత టైరు ముక్కలు, కిరసనాయిలు. వేడికి నరాలు బిగుసుకుని శవం నడుము దగ్గర లేస్తుంది, పొడవాటి వాసంతో నొక్కి పట్టాలి. పుర్రె పగిలిన చప్పుడు వినిపించాకే పని సగం అయినట్టు. కూలి ఇంతని ఉండేది కాదు. చుట్టలకి డబ్బులు, రెండు మానికల బియ్యం, ఒక్కోసారి శవం మీది గుడ్డ. అన్నట్టు మా వాళ్లు పోతే ఆ శ్మశానంలోకి రానిచ్చేవాళ్లు కాదు. మా వాళ్లను పూడ్చుకునేది వాగు గట్టున. జీవితమంతా ఆ కాటిని కాసిన మా తాతను కూడా వాగు గట్టునే పెట్టాం.

ఎన్టీఆర్ 'సత్య హరిశ్చంద్ర' మా ఊరి పక్క టూరింగ్ టాకీస్‌కి చాలా ఆలస్యంగా, గీతలు పడిన రీళ్లతో వచ్చింది. నేల టికెట్టు కొని తాత, నేను ఇసకలో కూర్చున్నాం. కాటి సీను వచ్చింది. చుట్టూ ఏడుపులు. మా తాత మాత్రం మేస్త్రీ ఇంకొకడు కట్టిన గోడను చూసినట్టు చూస్తున్నాడు. కాసేపాగి నా చెవిలో, 'ఒరే అబ్బయా, ఆ కర్ర చూడు, రాజదండం పట్టినట్టు పట్టాడు. శవం లేస్తే దాంతో ఏం ఆపుతాడు?' అన్నాడు. ఇంకాసేపటికి, 'కాష్టం పేర్చటం రాదు వీళ్లకి' అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి గద్దించాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. మా తాత ఆయనకు కూడా తెలుసు. ఆ ఏడాదే వాళ్లమ్మను కాల్చింది మా తాతే.

కాటికాపరిగా నటించేవాణ్ని చూసి ఏడుస్తున్న మనిషికి, అదే పని చేసే మనిషి నాలుగు అడుగుల వెనక కూర్చుని ఉంటే విసుగొచ్చింది. నటుల గురించి నేను ఎన్ని కబుర్లు చెప్పినా నా సినిమా చూపు మొదలయింది ఆ ఇసకలోనే.

నటన సంగతి కూడా చెప్తాను, లేకపోతే తప్పించుకున్నానంటారు. నా ఓటు ఎస్వీఆర్ హరిశ్చంద్రుడికే. ఎన్టీఆర్ నెత్తిన కుండ పెట్టుకున్నా కిరీటం పెట్టుకున్నట్టే ఉంటాడు. ఆయన రూపం అలాంటిది, తప్పు పట్టలేం. ఎస్వీఆర్‌ది కొండంత విగ్రహం. ఆ విగ్రహం వంగిందంటే బరువు మోసి వంగిందని నమ్ముతాం. అయినా ఇద్దరూ వేసింది మారువేషమే.

కథను జాగ్రత్తగా విప్పి చూడండి. అసలు హరిశ్చంద్రుడికి ఈ కష్టం ఎందుకొచ్చింది? గౌరన ద్విపదలోనూ, మన నాటకంలోనూ విశ్వామిత్రుడు మాతంగ కన్యలను పంపుతాడు. వాళ్లు ఆడి పాడి రాజును మెప్పించి పెళ్లి చేసుకోమంటారు. రాజు ఒప్పుకోడు. రాజ్యమైనా ఇస్తాను గానీ వీళ్లను పెళ్లాడనంటాడు, అన్నంత పనీ చేస్తాడు. సత్యం కోసం అన్నీ పోగొట్టుకున్నాడని మనకు నూరిపోసిన మనిషి మొదట రాజ్యం వదులుకున్నది మాదిగ పిల్లను చేసుకోవాల్సి వస్తుందని. మాతంగి ఎవరో మా వాళ్లకు ఒకరు చెప్పాలా? పోనీ ఆ పిల్లలు నిజం పిల్లలా అంటే అదీ కాదు, ముని పుట్టించిన మాయ. రాజును కొన్న చండాలుడు? మార్కండేయ పురాణం ప్రకారం సాక్షాత్తు ధర్ముడే ఆ రూపంలో వచ్చాడు. రాజు దొంగ కాటికాపరి, యజమాని దొంగ చండాలుడు, పిల్లలు దొంగ మాతంగులు. అంత పెద్ద శ్మశానంలో నిజంగా మా వాడు ఒక్కడు లేడు. చివర్లో దేవతలు దిగొచ్చి పూలు చల్లగానే అందరూ వేషాలు తీసేసి ఎవరి ఇళ్లకు వాళ్లు పోతారు. మర్నాడు ఇంకో శవం వస్తే ఎవరు కాలుస్తారన్నది కథకు పట్టదు.

ఒక్కడున్నాడు నిజంగా మా వాడు, తెర మీద కాదు, గొంతులో. నాటకం కాటి సీనులో జనం 'వన్స్ మోర్' అని అరిచే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు, జాషువావి. 'ఖండకావ్యం'లోని 'శ్మశానవాటి' పద్యాలు. నటులే వాటిని తెచ్చుకుని నాటకంలో కలుపుకున్నారు, జనం వాటిని వదల్లేదు. వినుకొండలో 1895లో పుట్టి, కులం పేరుతో గడప గడపకూ అవమానపడ్డ మనిషి పద్యం లేకపోతే హరిశ్చంద్రుడికి కాటి సీను నిండదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1915 ప్రాంతంలో జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మలు పెదాలు కదుపుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు చెప్పే ఉద్యోగం. తెలుగు టాకీ రావడానికి పదిహేనేళ్లకు పైగా ముందే తెర బొమ్మలకు తెలుగు పలికించిన గొంతుల్లో ఒకటి ఆయనది. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు ఎల్.వి. ప్రసాద్ మూడు భాషల తొలి టాకీల్లో కనిపించాడని మురిసిపోతారు. సరే, మురవాల్సిందే. ఈ గొంతు గురించి కూడా ఒక వాక్యం రాయొచ్చుగా.

ఇక్కడ కన్నడం వాళ్లను మెచ్చుకోవాలి. అదే 1965లో, అదే కె.వి. రెడ్డి నిర్మాతగా, హుణసూరు కృష్ణమూర్తి దర్శకత్వంలో రాజ్‌కుమార్ 'సత్య హరిశ్చంద్ర' కన్నడంలో వచ్చింది. అందులో వీరబాహుడికి తన మనుషులతో కలిసి చిందులేస్తూ పాడే పాట ఒకటి ఉంది, కులంలో తక్కువేమిటి, ఎక్కువేమిటి అని అడిగే పాట. పాడింది మన ఘంటసాలే. కన్నడ దేశంలో ఆ పాట ఇప్పటికీ సభల్లో మోగుతుంది. ధర్ముడి మారువేషమో ఏదో గానీ, ఆ నాలుగు నిమిషాలు వీరబాహుడు మా వాడిలాగే నిలబడతాడు.

హరిశ్చంద్రుడి దగ్గర ఈ మారువేషం సంగతి పట్టుకున్నాక సాంఘికాలు కూడా నాకు వేరేగా కనిపించాయి. 'గుండమ్మ కథ' (1962) చూడండి. నాకు ప్రాణం ఆ సినిమా. సావిత్రి ఇంటిపని చేస్తుంటే చీపురు పట్టినట్టే పట్టుకుంటుంది, రుబ్బురోలు తిప్పినట్టే తిప్పుతుంది. ఆ ఒక్క విషయంలో ఆవిడ మా తాత పరీక్ష పాసయ్యేది. కానీ పనివాడు అంజి ఎవరు? డబ్బున్న వెంకట్రామయ్య కొడుకు. నిక్కరేసుకుని వచ్చి పిండి రుబ్బితే మనకు ముద్దొచ్చాడు. అసలు సంగతి బయటపడేసరికి ప్యాంటు తొడుక్కున్నాడు. జమున కథ ఇంకా బాగుంటుంది. పొగరుబోతు పిల్లకు బుద్ధి రావాలని అక్కినేని ఆమెను తోటలో కూలికి పెడతాడు. తీరా చూస్తే తోట మామగారిదే. ఆ పిల్లకు కూలిపని ఒక శిక్ష. పొగరు దిగగానే శిక్ష తీరిపోయింది. నేలలో కూర్చుని చూస్తున్న మా అమ్మ మర్నాడు పొద్దున్నే మిరపకాయల కోతకు పోవాలి. ఆమె ఏ పొగరుకు ఆ శిక్ష? అయినా మా అమ్మ పడీ పడీ నవ్వింది ఆ సినిమాకి. సూర్యకాంతం నోరు మూతపడిన చోటల్లా చప్పట్లు కొట్టింది. నేనెవర్ని కాదనడానికి?

వాళ్లు మన వేషం వేస్తే చప్పట్లు. మనం వాళ్ల వేషం వేస్తే ఏమైందో మలయాళం వాళ్లను అడగాలి. వాళ్ల తొలి సినిమా 'విగతకుమారన్', జె.సి. డేనియల్ తీసిన మూకీ. అందులో హీరోయిన్ పి.కె. రోసీ. గడ్డి కోసుకుని బతికే దళిత క్రైస్తవ పిల్ల. తెర మీద నాయర్ స్త్రీ వేషం వేసింది. అంతే. తిరువనంతపురంలో మొదటి ఆట దగ్గరే గొడవ చేశారు, తర్వాత ఆమె ఇంటి మీద పడ్డారు. రోసీ తమిళదేశం పారిపోయి, సినిమా అన్న మాటెత్తకుండా బతికి చచ్చిపోయింది. ఆ సినిమా రీళ్లు కూడా మిగల్లేదు. సాలుంకే మగవాడై ఉండి రాణి వేషం వేస్తే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. రోసీ ఆడదై ఉండి ఆడదాని వేషం వేస్తే ఇల్లు మిగల్లేదు.

'మాలపిల్ల' ఉందిగా అంటారు. ఉంది, చెప్తాను. 1938, గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, చలం కథ, కాంచనమాల. పోస్టరు మీద కులం పేరు ధైర్యంగా అచ్చేసిన సినిమా. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు 'పేదవాడు', 'కూలివాడు' అనే మాటల చాటున దాక్కున్న సినిమాలు చూసి చూసి, ఆ పేరు వింటేనే నాకు గౌరవం. డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు. (జమీందారు సొమ్ముతో మాలపల్లె సినిమా. మరుసటి ఏడు అదే సారథి సంస్థ 'రైతుబిడ్డ' తీస్తే వేరే జమీందార్లు ప్రభుత్వం చేత దాన్ని ఆపించారు. ఈ కథ ఇంకో భాగానికి సరిపోతుంది.) కానీ 'మాలపిల్ల'లో బ్రాహ్మణ పెద్ద మనసు ఎలా మారుతుంది? ఆయన ఇల్లు తగలబడితే మన వాళ్లు మంటల్లో దూకి ఆయన భార్యను కాపాడాక. మనం మనుషులమని ఒప్పుకోవడానికి వాళ్ల ఇల్లు కాలాలి, మన ఒళ్లు కాలాలి.

ఇంకో పేచీ కూడా ఉంది. సినిమా నిండా 'హరిజనులు'. అప్పటికి 21 ఏళ్ల ముందే, 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మన పెద్దలు 'పంచమ' అన్న పేరు తీసి అవతల పారేసి 'ఆది ఆంధ్ర' అని పెట్టుకున్నారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 1921లోనే నల్లదొరతనం మాకొద్దని పుస్తకం వేశాడు. అంబేడ్కర్ 'కుల నిర్మూలన' అచ్చయింది 1936లో. ఇవన్నీ సినిమా కంటే ముందు జరిగినవి. మన పేరు మనం పెట్టుకున్నామన్న కబురు ఆ స్టూడియో గేటు దాటి లోపలికి పోలేదు. ఘటోత్కచుడైతే మనకు వీరతాడు వేసేవాడు.

అయినా కాంచనమాలను చూడండి. యూట్యూబులో దొరుకుతుంది, బొమ్మ మసగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి. ఎనభై ఏళ్లు దాటిన సినిమాలో ఆ పిల్ల తలెత్తి చూసే చూపు ఒకటుంది. రాసినవాళ్లు, తీసినవాళ్లు ఎవరైనా గానీ, ఆ చూపు నాకు నచ్చింది.

వచ్చే భాగం సూర్యకాంతం మీద. ఆవిణ్ని గయ్యాళి అంటే కొట్టొచ్చే మా పిన్ని మాటలతో మొదలుపెడతాను.