కారెడు కుళాయి, నిలిచెడు మురుగు

మా పలనాటి నేల సున్నపురాతి నేల. పిడుగురాళ్లలో ఆ రాతిని బట్టీలయందు కాల్చి సున్నము చేయుదురు. మాచర్ల ప్రాంతమున పలకలుగా తీసి ఇండ్లలో పరతురు. ఆ రాళ్ల నడుమనుండి బోరుబావి తోడి తెచ్చిన నీటిలో కరగియున్న సున్నము కంటికి కానరాదు గాని, నీరు కాచిన గిన్నె యడుగునను, కుళాయి మూతిచుట్టును తెల్లని పక్కుగా కట్టి తన యునికిని తెలుపును. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరము కాలువలకు కృష్ణమ్మ నీటిని వదలిన పిదప ఈ సీమలో పెక్కు గ్రామముల దాహము తీరినది. ఐనను కాలువ కట్టివేసిన నెలలలో బోరే దిక్కైన ఇండ్లు నేటికిని గలవు. కుళాయి కారినపుడెల్ల అమ్మిన దుకాణము వానిని నిందించుట మనకలవాటు. పలుచోట్ల దోషి ఈ పక్కే. అది కుళాయిలోని రబ్బరు బిళ్లకును, ఆ బిళ్ల కూర్చుండు అంచునకును నడుమ గరుకుగా చేరి రబ్బరును కోసివేయును. కారుచున్నదని బలముకొలది బిగించినచో రబ్బరు మరింత తెగును.

చుక్కయే గదా యని యుపేక్షించు సోదరీమణులు ఒకనాటి రాత్రి కుళాయి క్రింద చెంబు నుంచి చూడవలెను. సెకను కొక్క చుక్క చొప్పున దినమునకు 86,400 చుక్కలు పడును. ఇరువది చుక్కలొక మిల్లీలీటరని లెక్కవేసినను నాలుగు లీటర్లకు పైగా తేలును. నాలుగు దినములలో బిందెడు నీరన్నమాట. ఎండకాలమున టాంకరు కొరకు బిందెలు బారులు తీర్చు వీధులలో బిందెడు నీటి విలువ యెంతయో మేము చెప్పనేల?

పనివానికి కబురంపినచో "రేపు వచ్చెదను" అనును. ఆ రేపు వారము దినములకు గాని రాదు. వచ్చినవాడు పావుగంటలో బిళ్ల మార్చి పోవును. ఆ పావుగంట పని మనమేల చేసికొనరాదు? ఇది ఆడువారి పని గాదని పెద్దలందురు. గురజాలలో నలగామరాజునకు మంత్రిణియై నాగమ్మ రాజ్యమునే నడపినదని చెప్పుకొను సీమ మనది. ఆమెను మెచ్చువారును గలరు, తిట్టువారును గలరు; చేతగాదన్నవారు మాత్రము లేరు. మల్లెమొగ్గను నలుగనీయక ముడివేయగల వ్రేళ్లకు కుళాయి మర యొక లెక్కయా?

కావలసినవి ఒక పానా, ఒక పట్టకారు, ఒక స్క్రూడ్రైవరు. జ్ఞాపకముంచుకొనవలసినది ఒక్కటే: ప్రదక్షిణముగా త్రిప్పిన మర బిగియును, అప్రదక్షిణముగా త్రిప్పిన వదులగును. గుడిచుట్టు తిరిగిన వారెవరును దీనిని మరువజాలరు. కాని సింకు క్రింద చేయిపెట్టి పైకి త్రిప్పునపుడు మరకు ఎదురుగా మొగముంచి చూచుకొనవలెను. లేనిచో దిక్కు తారుమారగును.

మొదట మేడపై తొట్టినుండి వచ్చు గొట్టపు వాల్వును కట్టివేసి, కుళాయిని తెరచి మిగిలిన నీటిని పోనీయవలెను. క్రింది రంధ్రమును గుడ్డతో మూయవలెను. జారిన స్క్రూ ఆ రంధ్రముననే పడుట లోకానుభవము. కుళాయికి గుడ్డచుట్టి పానాతో పైమూతను విప్పగా లోని కాడ వెలికివచ్చును. దాని కొసనుండు నల్లని బిళ్లయే వాషరు. దానిపై వలయమువలె గాడి పడియున్నచో దాని యాయువు తీరినదన్నమాట. ఆ పాతబిళ్లనే కొంగున ముడివేసికొని దుకాణమునకు పోయి సరిగా అట్టిదానినే తేవలెను. కంటి యంచనా పనికిరాదు. క్రొత్తదానిని పెట్టుటకు ముందు బిళ్ల కూర్చుండు అంచును చింతపండు పులుసులో తడిపిన గుడ్డతో రుద్దవలెను. ఇత్తడి చెంబును తోము పులుసే సున్నపు పక్కునుగూడ కరగించును. కాని మెరుగుపూత గల కుళాయిపై దానిని రాత్రంతయు వదలినచో పూత చెడును. పావుచుట్టుతో మూతపడు నేటి కుళాయిలలో రబ్బరునకు మారుగ పింగాణి బిళ్లలుండును. వానిలో లోని కాడను మొత్తముగా మార్చుటే మేలు.

గొట్టముల అతుకు కారినచో విప్పి, తుడిచి, మరపై తెల్లని టెఫ్లాన్ పట్టీని అయిదారు చుట్లు చుట్టి మరల బిగింపవలెను. మర మొగము మనవైపుంచుకొని ప్రదక్షిణముగానే చుట్టవలెను; ఎదురుగా చుట్టిన పట్టీ బిగించునపుడు ఊడివచ్చును. ఈ టెఫ్లానును 1938వ సంవత్సరమున అమెరికాలో రాయ్ ప్లంకెట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు వేరొక ప్రయోగము చేయుచు అనుకొనకుండ కనుగొనెను. కనుగొన్న ఆయన మన సింకు సంగతి తలచియుండడు.

మరుగుదొడ్డి తొట్టి నిశ్శబ్దముగా కారును గనుక దాని నష్టము మనకు తెలియదు. తొట్టిలో బట్టల నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట నీరు వదలక చూడుడు. క్రింది పళ్లెములో నీలము కనబడినచో తొట్టియడుగు రబ్బరు చెడినదని నిశ్చయము.

ఇక మురుగు మాట. సింకు క్రింద గొట్టము వంకరతిరిగి యుండుట చూచి పనివాని యలసత్వమని తలపకుడు. ఆ వంకరలో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండి, కాలువలోని దుర్గంధము ఇంటిలోనికి రాకుండ అడ్డుకొనును. లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారముల పనివాడు 1775వ సంవత్సరమున మరుగుదొడ్డికి ఇట్టి వంకర గొట్టమునకు పేటెంటు పొందెను. వేసవిలో పుట్టింటికి పోయి నెలకు తిరిగివచ్చిన యిల్లు కంపుకొట్టుటకు పలుమారులు కారణమిదియే: వంకరలోని నీరు ఇంకిపోయినది. చెంబెడు నీరు పోసిన చాలును.

మన వంటిండ్ల మురుగును ఆపునవి గంజి, మెతుకులు, చింతపండు పిప్పి, పేరిన నూనె. స్నానాలగదిలో తలవెండ్రుకలు, కుంకుడు తొక్కలు. మొదట రబ్బరు గిన్నెను రంధ్రముపై ఆనించి, పొంగునీరు పోవు పైరంధ్రమును తడిగుడ్డతో మూసి, ఇరువది మారులు ఒత్తి లాగవలెను. కదలనిచో క్రింద బాల్చీ నుంచి వంకరభాగమును చేతితో విప్పి కడుగవలెను. అసహ్యమని ముక్కు మూసికొనకుడు. పసిబిడ్డల పొత్తిగుడ్డలు ఉదికిన చేతులివి. జిడ్డు పేరినచో చాకలిసోడా వేడినీటిలో కలిపి పోయవచ్చును. సలసల కాగు నీరు మాత్రము వలదు. 60 డిగ్రీలు దాటిన వేడికి ప్లాస్టిక్కు గొట్టము మెత్తబడి అతుకులు వదలును. వంటసోడాపై నిమ్మరసము పిండుమని చెప్పువారు కలరు. అది ముచ్చటగా పొంగును గాని, ఒకదాని బలమును మరియొకటి హరించుటచే అడ్డు తొలగుట యరుదు.

ఆసిడు పోసినచోట బ్లీచింగు పొడి చల్లరాదు. రెండును కలిసిన క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చును. తలుపులు మూసిన చిన్నగదిలో ప్రాణమునకే మోసము.

స్విచ్చిబోర్డు చెంత గోడ చెమ్మగిల్లినచో మనము చేయవలసినది మెయిన్ కట్టి విద్యుత్పనివానిని పిలుచుటయే. సెప్టిక్ తొట్టి నిండినచో దాని మూత తెరచి తొంగిచూడరాదు, వేరొకరినిగూడ అందు దింపరాదు. అందలి విషవాయువునకు ఒకడు పడిపోవ, వానిని తీయబోయిన రెండవవాడును పడిపోవును. 2013వ సంవత్సరపు చట్టము ఆ రీతిని మనుష్యులను దింపుటను నిషేధించినది. కూలి తక్కువకు దిగెదనని యెవడైన వాకిట నిలిచినను, యంత్రపు బండికే కబురంపుడు.